తూము ఎక్కడ ఇరుకైంది? ఇంటి రికార్డింగు కంప్యూటర్ల చరిత్ర

9.1 పరిచయం

కె.సి. కాలువ కింద సేద్యం చేసే ప్రొద్దుటూరు ప్రాంత రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేని సంగతి ఒకటుంది. కాలువ ఎంత వెడల్పుగా తవ్వినా, పొలానికి పారే నీళ్లు తూము మేరకే పారతాయి. తూము ఇరుకుగా ఉంటే కాలువను ఇంకో పది అడుగులు వెడల్పు చేసినా ప్రయోజనం ఉండదు. తూమును వెడల్పు చేస్తే, అప్పుడు ఇరుకు మరో చోట, అంటే పిల్లకాలువలోనో మడవ దగ్గరో బయటపడుతుంది.

ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద పాట రికార్డు చేసే పద్ధతికి సుమారు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర నిండా ఇలా ఒక చోటి నుంచి మరో చోటికి జరిగిన ఇరుకులే కనిపిస్తాయి. చాలా పుస్తకాలు ఈ కథను “కంప్యూటర్లు వేగవంతమయ్యాయి, కాబట్టి ఇంట్లో రికార్డింగు సాధ్యమైంది” అని ఒక్క వాక్యంలో ముగిస్తాయి. ఆ మాట సగమే నిజం. వేగం వందల రెట్లు పెరిగిన తర్వాత కూడా పాట మధ్యలో ‘టప్’మనే శబ్దాలు వస్తూనే ఉన్నాయి, గాయకుడి గొంతు చెవికి ఆలస్యంగా చేరుతూనే ఉంది. ఎందుకలా జరిగిందో, ఏ కాలంలో ఏ మార్గం కనిపెట్టారో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

9.2 ఇల్లు స్టూడియో కాకముందు

తెలుగు సినిమా సంగీతం దశాబ్దాల పాటు మద్రాసులోని పెద్ద స్టూడియోలలో తయారైంది. గాయకులు, వాద్యబృందం ఒకే హాలులో కూర్చునేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి వాయించాల్సి వచ్చేది. రాయలసీమ పల్లెల్లో పాడేవారికి ఆ తలుపులు ఎలాగూ తెరుచుకునేవి కావు. వారికి అందుబాటులో ఉన్న రికార్డింగు గది అంటే 1960లలో మొదలైన ఆకాశవాణి కడప కేంద్రమే. అది కూడా ఎంపికైనవారికే.

టేపు యుగంలోనే ఒక ముఖ్యమైన ఉపాయం పుట్టింది. నాలుగు ట్రాకుల టేపు మీద మూడింటిని నింపి, ఆ మూడింటినీ కలిపి నాలుగో ట్రాకులోకి ఎక్కించి, ఖాళీ అయిన మూడింటి మీద మళ్లీ కొత్త వాద్యాలు రికార్డు చేసేవారు. 1967లో బీటిల్స్ బృందం ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ను లండన్‌లో నాలుగు ట్రాకుల యంత్రాల మీదే, ఒక టేపు నుంచి మరో టేపుకు ఇలా కుదించుకుంటూ చేసింది. 1979లో జపాన్‌కు చెందిన టియాక్ సంస్థ మామూలు క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులు నింపే ‘పోర్టాస్టూడియో’ను తెచ్చింది. దానితో ఈ ఉపాయం ఇళ్లలోకి వచ్చింది. కలిపేసిన ట్రాకును మళ్లీ విడదీయలేం, అదే దానికి చెల్లించే మూల్యం. ఈ ఉపాయాన్ని గుర్తుంచుకోండి. పాతికేళ్ల తర్వాత కంప్యూటరులో ఇదే వేరే పేరుతో తిరిగి వస్తుంది.

9.3 మొదటి ఇరుకులు: తీగ, డిస్కు

1983 జనవరిలో అమెరికాలో జరిగిన సంగీత పరికరాల ప్రదర్శనలో రెండు వేర్వేరు సంస్థల కీబోర్డులను ఒక తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చేసి చూపించారు. ఆ తీగ మీద నడిచే భాషే మిడి. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. మిడి తీగలో శబ్దం ప్రయాణించదు. ‘ఈ మెట్టు నొక్కారు, ఇంత బలంగా నొక్కారు’ అనే కబురు మాత్రమే ప్రయాణిస్తుంది. అందుకే ఆనాటి చిన్న కంప్యూటర్లు కూడా దాన్ని మోయగలిగాయి. 1985లో వచ్చిన అటారి ఎస్‌టి కంప్యూటరుకు మిడి రంధ్రాలు పుట్టుకతోనే ఉన్నాయి. 1989లో జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ క్యూబేస్‌ను దాని కోసమే విడుదల చేసింది.

అంత తేలికైన చోట కూడా ఇరుకు ఉంది. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక్క స్వరం కబురు చేరడానికి దాదాపు 1 మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు పడుతుంది. పది వేళ్లతో ఒకేసారి నొక్కితే పదో స్వరం సుమారు 10 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. దాన్ని వేగమైన కంప్యూటరు కొని సరిచేయలేం. ఒక తీగకు బదులు నాలుగు తీగలు పెట్టి, వాద్యాలను వాటికి పంచారు. ఇరుకు తీగలో ఉంది కాబట్టి మందు కూడా తీగకే వేశారన్నమాట.

మన సినిమా సంగీతంలో ఈ దశకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఎ.ఆర్. రెహమాన్. రాజ్-కోటి ద్వయం తెలుగు చిత్రాలకు కీబోర్డు వాయించిన ఈ యువకుడు 1989లో మద్రాసు కోడంబాకంలోని తన ఇంటి పెరట్లో ‘పంచతన్ రికార్డ్ ఇన్’ అనే స్టూడియో కట్టుకున్నాడు. 1992లో ‘రోజా’ పాటలు వచ్చినప్పుడు వాటి ధ్వని కొత్తగా ఉందని అందరూ గుర్తించారు. పెద్ద హాలు, గంటల లెక్కన అద్దె లేకపోవడం వల్ల తృప్తి కలిగేవరకు తిరగరాసుకునే తీరిక దొరికింది. ఇంటి స్టూడియో ఇచ్చిన అసలు వరం ఆ తీరికే అని నా అభిప్రాయం. పరికరాల జాబితాలు ఎంత చదివినా ఆ సంగతి తెలియదు.

గొంతు, వీణ, డోలక్ వంటి అసలు శబ్దాన్ని కంప్యూటరులోకి తేవాలంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. సీడీ నాణ్యతతో ఒక సెకను శబ్దాన్ని 44,100 శాంపిళ్లుగా కోస్తారు, ఒక్కో శాంపిల్‌కు 2 బైట్లు. అంటే ఒక మోనో ట్రాకుకు సెకనుకు 88,200 బైట్లు, నిమిషానికి 5 మెగాబైట్లకు పైన. 24 ట్రాకులు ఒకేసారి నడవాలంటే డిస్కు సెకనుకు 2 మెగాబైట్లకు మించి ఆగకుండా అందించాలి. పైగా ఆ 24 ట్రాకులు డిస్కు మీద 24 చోట్ల ఉంటాయి. చదివే ముల్లు అటూ ఇటూ పరుగెత్తాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కులో కూడా కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. అలాంటి డిస్కులు రావడమే 1992లో మొదలైంది.

1991లో డిజిడిజైన్ సంస్థ తెచ్చిన ప్రో టూల్స్ మొదటి రూపం నాలుగు ట్రాకులకే పరిమితమైంది. ధర 6,000 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. అందులో లెక్కలు కట్టే పని మాకింటాష్ ప్రాసెసరుది కాదు, విడిగా అమర్చిన కార్డు మీది చిప్పులది. ఇళ్లలో పనిచేసేవారికి అంత స్తోమత లేదు. వారు శబ్దానికి వేరే డిస్కు, విండోస్‌కు వేరే డిస్కు పెట్టుకున్నారు. చెల్లాచెదురైన ఫైళ్లను వరుసగా సర్దే డీఫ్రాగ్‌ను రాత్రిపూట నడిపారు. ఘనస్థితి డిస్కులు, అంటే ఎస్ఎస్‌డీలు, చవకయ్యాక ఈ ఇరుకు దాదాపు మాయమైంది. అయినా “డీఫ్రాగ్ చేయండి” అనే సలహా ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే ముల్లే లేదు కనుక ఆ సలహాకు ఇప్పుడు కాలం చెల్లింది.

మీ ప్రగతిని తెలుసుకోండి: 44,100 శాంపిళ్ల వేగంతో, శాంపిల్‌కు 2 బైట్ల చొప్పున, 6 మోనో ట్రాకులతో 4 నిమిషాల పాట రికార్డు చేశారు. డిస్కులో సుమారు ఎన్ని మెగాబైట్లు నిండుతాయి? శాంపిళ్ల వేగం 96,000కు పెంచితే ఆ సంఖ్య ఏమవుతుంది?

9.4 ఆలస్యం

1996లో స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీ పద్ధతిని ప్రవేశపెట్టింది. ప్రతిధ్వని, కంప్రెషన్ వంటి పనులను విడి యంత్రాలకు, విడి కార్డులకు వదలకుండా కంప్యూటరు ప్రాసెసరే చేయడం దీని సారం. అలాంటి చిన్న ప్రోగ్రాములనే ప్లగిన్లు అంటాం. అంతవరకు బాగానే ఉంది. కానీ అప్పటి విండోస్‌లో ప్రోగ్రాముల శబ్దం సౌండు కార్డుకు చేరే ముందు దాటాల్సిన పొర ఒకటి ఉండేది. సినిమా చూసేవాడికి దానితో చిక్కు లేదు. పాడేవాడికి మాత్రం ఆ పొర వల్ల ఆలస్యం కలిగేది. 1997లో అదే సంస్థ తెచ్చిన ఏఎస్ఐఓ ఆ పొరను పక్కనపెట్టి, సాఫ్ట్‌వేరును సౌండు కార్డుతో నేరుగా మాట్లాడించింది. ఇంటి రికార్డింగు చరిత్రలో ఏ ప్రాసెసరు కన్నా ఈ చిన్న ఒప్పందానికే పెద్దపీట వేయాలి. తర్వాతి కాలంలో వచ్చిన ఏఎస్ఐఓ4ఆల్ అనే ఉచిత ప్రోగ్రాము మామూలు సౌండు చిప్పులకు కూడా దాదాపు ఆ సౌకర్యం కల్పించింది.

ఈ ఆలస్యం ఎక్కడిదో అర్థం కావాలంటే ‘బఫర్’ అనే మాట తెలియాలి. కంప్యూటరు శబ్దాన్ని ఒక్కో శాంపిల్‌గా కాక గంపలకెత్తి పనిచేస్తుంది. ఒక్కో గంపలో పట్టే శాంపిళ్ల సంఖ్యే బఫర్. 512 శాంపిళ్ల గంప నిండడానికి 11.6 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒక గంప, బయటికి ఒక గంప. మొత్తం 23 మిల్లీసెకన్ల పైమాటే. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి 512 బఫర్‌తో పాడటమంటే ఎనిమిది మీటర్ల దూరంలో నిలబడి పాడుతున్నవాడి గొంతును మన గొంతుగా వినడమే. బఫర్‌ను 128కి తగ్గిస్తే ఆ దూరం రెండు మీటర్లే. చెక్కభజనలో పక్కవాడి చెక్కలు వినిపించేంత దూరం అన్నమాట, తాళం చెదరదు. 1024 పెడితే పదహారు మీటర్లు.

మరి బఫర్‌ను ఎప్పుడూ చిన్నదిగానే ఉంచవచ్చు కదా? ఉంచలేం. 128 గంప అంటే ప్రతి 2.9 మిల్లీసెకన్లకు ఒకసారి అన్ని ట్రాకుల లెక్కలూ పూర్తయి తీరాలి. ఒక్కసారి గడువు తప్పినా ‘టప్’మని వినిపిస్తుంది. పెళ్లి వంట మొత్తం ఎన్ని గంటల్లో అయిందని పంక్తిలో కూర్చున్నవాడు అడగడు; విస్తరి వేసిన వేళకు అన్నం వడ్డించారా లేదా అన్నదే అతనికి కావాలి. ప్రాసెసరు మీద సగటు భారం 30 శాతమే చూపిస్తున్నా పాట తెగడానికి కారణం ఇదే. సగటును చూసి యంత్రాన్ని అంచనా వేయడం ఈ రంగంలో అందరికన్నా ఎక్కువ డబ్బు వృథా చేయించిన అలవాటు.

9.5 నిశ్శబ్దం బరువు, చల్లబరిచిన ట్రాకులు

ఒక విచిత్రమైన ఇరుకును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2000లో ఇంటెల్ పెంటియం 4 వచ్చింది. పాట నడుస్తున్నంతసేపు బాగుండి, ఆపిన కొన్ని క్షణాలకు ప్రాసెసరు భారం ఒక్కసారిగా పైకి ఎగబాకేది. నిశ్శబ్దానికి ఎందుకంత శ్రమ? ప్రతిధ్వని క్రమంగా తగ్గుతూ సున్నాకు చేరువయ్యేటప్పుడు లెక్కలోని సంఖ్యలు ఊహకందనంత చిన్నవవుతాయి. అలాంటి సంఖ్యలను డీనార్మల్ సంఖ్యలంటారు. వాటిని ఆ ప్రాసెసరు మామూలు సంఖ్యల కన్నా పదుల రెట్లు, కొన్ని సందర్భాల్లో వంద రెట్ల నెమ్మదిగా లెక్కించేది. ప్లగిన్లు రాసేవారు రెండు మార్గాలు పట్టారు. చెవికి వినపడనంత స్వల్పమైన రొదను కలిపి సంఖ్య మరీ చిన్నది కాకుండా చూడటం ఒకటి, అంత చిన్న సంఖ్య ఎదురైతే నేరుగా సున్నా చేసెయ్యమని ప్రాసెసరుకు ఆజ్ఞ ఇవ్వడం రెండోది. అసలు కారణం తెలియనివారు మాత్రం యంత్రమే బలహీనమైందనుకున్నారు.

2003లో లాజిక్, క్యూబేస్ సాఫ్ట్‌వేర్లలో ‘ఫ్రీజ్’ అనే మీట చేరింది. ప్లగిన్లతో బరువెక్కిన ట్రాకును ఒకసారి పూర్తిగా లెక్కగట్టి, ఫలితాన్ని మామూలు శబ్దపు ఫైలుగా డిస్కు మీద పెట్టి, ప్లగిన్లను నిద్రపుచ్చడం దీని పని. నాలుగు ట్రాకుల టేపు మీద మూడింటిని ఒకటిగా కుదించిన పాత ఉపాయమే ఇది. తేడా ఒక్కటే. అప్పుడు వెనక్కి రాలేకపోయేవారు, ఇప్పుడు మీట మళ్లీ నొక్కితే ట్రాకు కరిగి మునుపటి స్థితికి వస్తుంది.

9.6 కోర్లు పెరిగినా తీరని చిక్కు

2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను విడుదల చేయకుండానే రద్దు చేసుకుంది. వేగం పెంచేకొద్దీ పుట్టే వేడిని భరించడం కష్టమైంది. అక్కడినుంచి పరిశ్రమ ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టే దారి పట్టింది. 2006లో కోర్ 2 డ్యుయో వచ్చింది. అయితే ఒక గొంతు ట్రాకులో రొద తీసేయడం, ఈక్వలైజరు, కంప్రెసరు, ప్రతిధ్వని వరుసగా ఉన్నాయనుకోండి. ముందుదాని ఫలితం రానిదే తర్వాతిది పని మొదలుపెట్టలేదు. ఆ వరుస మొత్తం ఒకే కోరు మీద నడవాలి. పనిలో విడదీయలేని భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందని జీన్ అమ్‌డాల్ 1967లోనే చెప్పాడు. పది ట్రాకుల్లో తలా ఒక ప్లగిన్ పెడితే ఎనిమిది కోర్ల యంత్రం సునాయాసంగా మోస్తుంది. చివరి మాస్టరు ట్రాకు మీద పది బరువైన ప్లగిన్లు దొంతర పెడితే అదే యంత్రం చతికిలబడుతుంది.

జ్ఞాపకశక్తి విషయం క్లుప్తంగా చూద్దాం. 32 బిట్ల విండోస్‌లో ఒక ప్రోగ్రాముకు మామూలుగా 2 గిగాబైట్ల ర్యామ్‌కు మించి దొరికేది కాదు. వాద్యాల శాంపిళ్లతో కూడిన పెద్ద భాండాగారాలు అందులో పట్టేవి కావు. 64 బిట్ల వ్యవస్థలు వ్యాపించాక ఆ గోడ కూలింది.

9.7 తుమ్మలపల్లెలో ఒక ఇల్లు

యురేనియం గనితో దేశానికి పేరు తెలిసిన తుమ్మలపల్లె, పులివెందులకు దగ్గర్లోని వేముల మండలంలో ఉంది. అక్కడికి ఎంతో దూరం కాని ఇడుపులపాయలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం మొదలైంది. పల్లె విద్యార్థుల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి బోధించే పద్ధతిని ఆ సంస్థ చేపట్టింది. కంప్యూటరు ఇంత దూరం రావడానికి వెనక ఒక విధాన చరిత్ర ఉంది. 1984 నవంబరు కంప్యూటరు విధానం దిగుమతులను సడలించింది. 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరడంతో 2005 నాటికి కంప్యూటర్ల మీద సుంకం సున్నాకు దిగింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో విడిభాగాలు కొని బిగించుకున్న యంత్రాలు కూడా ఊళ్లకు చేరాయి.

ఇప్పుడు ఆ ఊళ్లో ఒక ఇంట్లో చెక్కభజన పాటలు రికార్డు చేస్తున్నారని ఊహించుకుందాం. గురువు మామ పాడుతున్నాడు, అల్లుడు ల్యాప్‌టాప్ చూసుకుంటున్నాడు. రెండు చరణాలయ్యాక మామ ఆపేస్తాడు. “తాళం నేను తప్పలే అల్లుడా, నీ పెట్టే తప్పుతాంది.” అల్లుడు మొహమాటపడి, మామకు వయసైందనుకుంటాడు. లేదా అప్పు చేసైనా కొత్త ల్యాప్‌టాప్ కొనాలనుకుంటాడు. రెండూ అనవసరమే. మామ చెప్పింది అక్షరాలా నిజం.

మొదట చెవిలో ఉన్నదేమిటో చూడాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోను అయితే మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం దాని సొంతం. 34 మీటర్ల అవతలినుంచి, అంతకన్నా దూరంనుంచి వింటున్నట్టు లెక్క. దాంతో ఏ విద్వాంసుడూ తాళం నిలపలేడు. తీగ ఉన్న ఇయర్‌ఫోను పెట్టాలి. తర్వాత బఫర్‌ను 128కి తగ్గించాలి. అప్పుడు ‘టప్’లు మొదలైతే ప్రతిధ్వని ప్లగిన్లను పాడేంతసేపు ఆపి, ఇదివరకు రికార్డు చేసిన డోలక్, హార్మోనియం ట్రాకులను ఫ్రీజ్ చేయాలి. శాంపిళ్ల వేగం 192,000 అని పెట్టి ఉంటే 48,000కు దించాలి. మనిషి చెవి వినగలిగే హద్దు 20,000 హెర్ట్జ్ కాబట్టి అంతకు రెట్టింపు దాటితే చాలు. మిగిలినదంతా ప్రాసెసరు మీద మోపిన బరువే.

ఇంకా తెగుతూంటే ఊరి పరిస్థితిని చూడాలి. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే ప్రాసెసరు ఛార్జి ఆదా కోసం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్పుల్లో ఈ గుణం 2000 నుంచే ఉంది. కడప జిల్లాలో మే నెల వేడి 40 డిగ్రీలు దాటుతుంది. నులకమంచం మీద దుప్పటి పరిచి దానిపైన ల్యాప్‌టాప్ పెడితే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోయి, చిప్పు కాగి, పది నిమిషాలకే నెమ్మదిస్తుంది. చెక్క పలక మీద పెట్టి ఛార్జరు తగిలిస్తే ఆ చిక్కు పోతుంది. వై-ఫై డ్రైవరు కూడా ప్రాసెసరును కొన్ని మిల్లీసెకన్లు పట్టి ఉంచగలదు, రికార్డింగు సమయంలో ఆపడం మంచిది. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాము ఏ డ్రైవరు అడ్డుపడుతోందో పేరుతో సహా చూపిస్తుంది.

ఇవన్నీ చేసినా పాత యంత్రం 128ని మోయలేకపోవచ్చు. అప్పటికి కూడా దారి ఉంది. చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేసుల్లో చాలావాటికి ‘డైరెక్ట్ మానిటర్’ అనే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే మైకులోని గొంతు కంప్యూటరులోకి పోయి రాకుండానే నేరుగా ఇయర్‌ఫోనుకు చేరుతుంది. బఫర్ 1024 ఉన్నా మామకు ఆలస్యం తెలియదు. పాడటం అయిపోయాక మిక్సింగు దశలో బఫర్ పెద్దదిగానే ఉండాలి. అప్పుడు ఎవరూ పాడటం లేదు కనుక ఆలస్యంతో నష్టం లేదు, ప్రాసెసరుకు ఊపిరి దొరుకుతుంది.

ఈ చరిత్ర ఇంకా నడుస్తూనే ఉంది. గడువు తప్పకుండా పనిచేసేలా లినక్స్‌ను మార్చే సవరణల కోసం ప్రోగ్రామర్లు సుమారు ఇరవై ఏళ్లు శ్రమించారు. అవి ప్రధాన లినక్స్‌లో చేరింది 2024లో.

9.8 ప్రాజెక్టు పని

పై చరిత్రకు ఆధారాలు ఎక్కువగా తయారీదారుల ప్రకటనలు, సాఫ్ట్‌వేరు వివరణ పుస్తకాలు. వాటిని వాడినవారి మాట వాటిలో ఉండదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి మీ దగ్గరి పట్టణంలో భజన పాటలో, పెళ్లి పాటలో, ఎన్నికల ప్రచార పాటలో రికార్డు చేసే ఒకరిని కలవండి. టేపు నుంచి కంప్యూటరుకు ఏ సంవత్సరం మారారో, మొదటి యంత్రం ఎక్కడ కొన్నారో, అది ఏ పనిలో మొరాయించేదో, దానికి తామే కనిపెట్టుకున్న ఉపాయం ఏమిటో అడిగి, వారి మాటల్లోనే నాలుగు పేజీలు రాయండి. పాత రికార్డింగు ఏదైనా దాచి ఉంటే వినిపించమనండి. అందులో ‘టప్’మన్న చోటు దొరికితే, ఆ సమయానికి ఏ తూము ఇరుకై ఉంటుందో మీ ఊహను కారణాలతో సహా చేర్చండి.